ఆహార మార్గంలో ఆరు తలుపులు
మన ఒంట్లోని సంవరణీ కండరాలు: వాటి పని, వాటి జబ్బులు, మనం చేయగలిగిన సాయం



ఈ సంచికలో ఒక ఆరోగ్య పాఠం ఇవ్వాలనుకున్నప్పుడు మేము ఎంచుకున్న విషయం చూసి కొందరు మొహమాటపడవచ్చు. తిన్నది ఎలా లోపలికి పోతుంది, ఎక్కడ ఆగుతుంది, ఎలా బయటికి వస్తుంది అన్నది నలుగురిలో మాట్లాడుకునే సంగతి కాదు. అలా మాట్లాడుకోకపోవడం వల్ల ఎంత నష్టం జరుగుతుందో మాకు మూడు దరఖాస్తులు నేర్పాయి. అందుకే ఈ పాఠం.

మొదటిది హిందూపురం నుంచి వచ్చింది. అయిదు వారాల మగబిడ్డ. పాలు తాగిన ప్రతిసారీ దూరంగా పడేలా కక్కుకుంటున్నాడు. దిష్టి తగిలిందని దాదీ తాయెత్తు కట్టించింది. రెండోది ధర్మవరం నుంచి. నలభై దాటిన చేనేత కార్మికుడు. సంగటి ముద్ద కాదు కదా, గుక్కెడు నీళ్లు కూడా గొంతు దిగి గుండె దగ్గర ఆగిపోతున్నాయి. రాత్రిళ్లు దగ్గు. మనిషి సగమయ్యాడు. టీబీ అనుకుని నెలల తరబడి మందులు మింగాడు. మూడోది పెనుకొండ నుంచి. ఒక సోదరి. మొదటి కాన్పు జరిగి పదకొండేళ్లు. ఆ కాన్పు తర్వాత ఆమె పెళ్లిళ్లకు పోవడం మానేసింది, బస్సెక్కడం మానేసింది. కారణం భర్తకు కూడా చెప్పలేదు.

చూడటానికి మూడూ వేర్వేరు జబ్బులు. ఒకటి కడుపుది, ఒకటి గొంతుది, ఒకటి చెప్పుకోలేనిది. వైద్యులు వివరించాక మాకు తెలిసింది, మూడింటిలోనూ చెడింది ఒకే జాతి కండరమని.

కండరమే తలుపు

నోటి నుంచి మలద్వారం దాకా మన జీర్ణనాళం సుమారు 9 మీటర్ల పొడవైన గొట్టం. మామూలు గొట్టంలో ఈ చివర పోసింది ఆ చివర కారిపోతుంది. ఒంట్లో అలా జరిగితే తిన్నది వంటబట్టదు. అన్నం జీర్ణాశయంలో కొన్ని గంటలు నలగాలి, చిన్నప్రేవుల్లో సారం పీల్చబడాలి, పెద్దప్రేవులో నీరు ఇంకాలి. ఎక్కడికక్కడ ఆపి, సమయం చూసి వదిలేవాళ్లు కావాలి. మన సీమ రైతుకు ఇది కొత్త సంగతి కాదు. చెరువుకు కట్ట ఎంత ముఖ్యమో తూము అంత ముఖ్యం. తూము మూసుకుపోతే పొలం ఎండుతుంది, మూతపడకపోతే చెరువు ఎండుతుంది.

ఒంట్లో ఆ తూము పని చేసేవే సంవరణీ కండరాలు. పిల్లల పదో తరగతి పుస్తకంలో ఈ పేరు కనిపిస్తుంది. డాక్టర్లు స్ఫింక్టర్ అంటారు. గ్రీకు భాషలో ఆ మాటకు బిగించి కట్టేది అని అర్థం. పైజామా నాడాను గుర్తు తెచ్చుకోండి, లేదా ముసలమ్మల వక్కాకు తిత్తిని. బొందు లాగితే మూతి ముడుచుకుంటుంది, వదిలితే తెరుచుకుంటుంది. సంవరణీ కండరం గొట్టం చుట్టూ ఉంగరంలా చుట్టుకుని అదే పని చేస్తుంది.

అయితే ఒక తేడా ఉంది. చేతి కండరం మామూలుగా వదులుగా ఉండి, పని పడినప్పుడు బిగుస్తుంది. ఈ కండరాలలో చాలావాటిది తిరకాసు పద్ధతి. పగలూ రాత్రీ, మనం నిద్రపోతున్నా అవి బిగిసే ఉంటాయి. కబురు వచ్చినప్పుడు మాత్రం వదులవుతాయి. కాబట్టి వీటికి వచ్చే జబ్బులు ప్రధానంగా రెండే రకాలు: వదులు కావలసినప్పుడు కాకపోవడం, బిగిసి ఉండవలసినప్పుడు ఉండకపోవడం. ఈ ఒక్క మాట గుర్తుంటే మిగతా పాఠమంతా సులువు.

మొదటి తలుపు: గొంతు కింద

గొంతు, ఆహారవాహిక కలిసే చోట మొదటి తలుపు. మనం ఊపిరి పీల్చినప్పుడు గాలి కడుపులోకి పోకుండా, కిందిది గొంతులోకి ఎక్కకుండా ఇది మూసి ఉంచుతుంది. ముద్ద మింగినప్పుడు ఒక్క సెకను లోపే తెరుచుకుని మళ్లీ మూసుకుంటుంది. అదే క్షణంలో శ్వాసనాళం మూతపడుతుంది. తింటూ మాట్లాడితే పొలమారేది ఈ లెక్క తప్పినందుకే. పక్షవాతం వచ్చినవారిలో ఈ లెక్క దెబ్బతింటుంది. అలాంటివారిని పడుకోబెట్టి నీళ్లు పోయకూడదు. కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి వంచి, డాక్టరు చెప్పిన పద్ధతిలో కొంచెం కొంచెంగా ఇవ్వాలి. లేకపోతే ఆ నీరు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది.

రెండో తలుపు: గుండె వెనక

ఆహారవాహిక సుమారు 25 సెంటీమీటర్లు. ముద్ద తన బరువుతో జారిపోదు. గొట్టం గోడలు అలలా ముడుచుకుంటూ దానిని కిందికి నెడతాయి. అందుకే తలకిందులుగా ఉన్నా మింగగలం. ఎనిమిది, పది సెకన్లలో ముద్ద జీర్ణాశయం గుమ్మానికి చేరుతుంది. అక్కడ మూడు, నాలుగు సెంటీమీటర్ల మేర రెండో సంవరణి ఉంటుంది. ఛాతీకి, పొట్టకు మధ్యనున్న ఉదరవితానం కూడా దీనికి బయటి నుంచి పట్టు ఇస్తుంది. ఒక తలుపుకు రెండు గడియలన్నమాట.

ఈ తలుపు సరిగా బిగియకపోతే జీర్ణాశయంలోని ఆమ్లం పైకి ఎగదన్నుతుంది. గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు, తెల్లవారుజామున గొంతు గరగర దాని గుర్తులు. అధిక బరువు, గర్భం, పొగతాగడం, నూనె ఎక్కువైన తిండి, ఒక్కసారే కడుపు పగిలేలా తినడం ఈ తలుపును సడలిస్తాయి.

రంజాన్ నెలలో ఈ బాధ ఎందుకు పెరుగుతుందో చాలామంది అడుగుతారు. ఉపవాసం వల్ల కాదు, ఉపవాసం విప్పే తీరు వల్ల. ఇఫ్తార్‌లో సమోసాలు, బజ్జీలు, ఆ వెంటనే బిర్యానీ. సహరీలో నిండుగా తిని, ఫజర్ నమాజు కాగానే మళ్లీ నడుం వాల్చడం. పడుకుంటే తలుపు మీదికి ఆమ్లం నేరుగా వచ్చి చేరుతుంది. తిన్నాక రెండు మూడు గంటలు పడుకోకుండా ఉండటం, తప్పనప్పుడు మంచం తలవైపు కాళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేసుకోవడం, ఎడమ పక్కకు తిరిగి పడుకోవడం మేలు చేస్తాయి. కడుపులో అన్నానికి ఒక వంతు, నీటికి ఒక వంతు, ఊపిరికి ఒక వంతు చోటు ఉంచాలన్న ప్రవక్త (స) బోధ మనందరికీ తెలిసిందే. ఈ రెండో తలుపు పని తెలిశాక ఆ మాట విలువ ఇంకా బాగా అర్థమవుతుంది.

ఒక హెచ్చరిక. ఛాతీలో బరువు, చెమటలు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి ఉంటే దాన్ని గ్యాస్ అనుకుని సోడా తాగి కూర్చోకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. గుండెపోటు, గుండెల్లో మంట రెండూ ఒకే చోట తెలుస్తాయి.

ఇక ఈ తలుపు తెరుచుకోకపోతే? ధర్మవరం సోదరుడి జబ్బు అదే. పేరు అకలేషియా, అంటే వదులు కాకపోవడం. తలుపుకు తెరుచుకో అని కబురు చెప్పే నరాల కణాలు నశించిపోతాయి. ముద్ద గుమ్మం దగ్గరే పేరుకుపోతుంది. రాత్రి పడుకున్నప్పుడు అది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. దగ్గు, చిక్కిపోవడం చూసి టీబీ అని పొరబడటం అందుకే. ఇది అరుదైన జబ్బు, ఏడాదికి లక్షమందిలో ఒకరికి వస్తుంది. గట్టి పదార్థంతో పాటు నీళ్లు కూడా ఆగిపోవడం దీని ముఖ్యమైన ఆనవాలు. బేరియం ఎక్స్‌రేలో ఆహారవాహిక కింది చివర పక్షి ముక్కులా సన్నగా కనిపిస్తుంది. ఎండోస్కోపీ, కండర ఒత్తిడిని కొలిచే మానోమెట్రీ పరీక్షలతో నిర్ధారిస్తారు.

దీని చికిత్స కథ వినదగ్గది. 1674లో ఇంగ్లండు వైద్యుడు థామస్ విల్లిస్ తిమింగలం ఎముక పుల్లకు స్పాంజి కట్టి, రోగి తన గొంతులోకి తానే దించుకుని అన్నాన్ని తోసుకునేలా నేర్పాడు. 1913లో జర్మనీ సర్జన్ ఎర్నెస్ట్ హెల్లర్ ఆ కండరాన్ని కోసి వదులు చేశాడు. 2008లో జపాన్ వైద్యుడు హరుహిరో ఇనోవే పొట్ట కోయకుండా, నోటి ద్వారా ఎండోస్కోపు పంపి లోపలి నుంచే కండరాన్ని కోసే పద్ధతి మొదలుపెట్టాడు. దాన్ని పోయం అంటారు. డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి నేతృత్వంలోని హైదరాబాద్ ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీలోనూ ఈ చికిత్స చేస్తున్నారు. నశించిన నరాలు తిరిగి రావు, కానీ మనిషి మళ్లీ అన్నం తినగలడు.

మూడో తలుపు: జీర్ణాశయం చివర

రెండో శతాబ్దపు వైద్యుడు గాలెన్ కాలం నుంచీ దీనికి పైలోరస్ అన్న గ్రీకు పేరు ఉంది. అర్థం ద్వారపాలకుడు. అరబ్బీ వైద్యులు దాన్నే బవ్వాబ్ అన్నారు. ఆ మాటకూ అదే అర్థం. పేరుకు తగ్గట్టే ఇది చాలా నిక్కచ్చి కాపలాదారు. అన్నం ఒకటి రెండు మిల్లీమీటర్ల కన్నా చిన్న నలుసులుగా నలిగితేనే అవతలికి పోనిస్తుంది. పెద్ద ముక్కలను వెనక్కి నెట్టి మళ్లీ రుబ్బిస్తుంది. మామూలు భోజనం ఖాళీ కావడానికి రెండు నుంచి నాలుగు గంటలు పడుతుంది. కొవ్వు ఎక్కువుంటే ఇంకా ఆలస్యం. పెళ్లి బిర్యానీ తిన్నవాడికి రాత్రిదాకా ఆకలి వేయకపోవడం ఇందుకే.

కొందరు పసిబిడ్డల్లో పుట్టిన కొన్ని వారాలకు ఈ కండరం లావెక్కి దారి మూసేస్తుంది. మగపిల్లల్లో ఇది సుమారు నాలుగు రెట్లు ఎక్కువ. మూడు నుంచి ఆరు వారాల మధ్య మొదలవుతుంది. పాలు దూరంగా చిమ్మినట్టు కక్కుతాడు, అందులో పసుపు పచ్చ పసరు ఉండదు, కక్కిన వెంటనే మళ్లీ ఆకలితో ఏడుస్తాడు. మామూలు పిల్లలు పెదవి చివర కారేలా కాసిన్ని పాలు కక్కడం వేరు, ఇది వేరు. హిందూపురం బిడ్డది ఇదే. 1912లో జర్మనీ సర్జన్ రామ్‌స్టెట్ ప్రకటించిన చిన్న ఆపరేషన్‌నే నేటికీ చేస్తారు. లావెక్కిన కండరాన్ని పైపైన చీల్చి వదులు చేస్తారు, లోపలి పొరను ముట్టరు. బిడ్డ కొద్ది రోజుల్లో ఇంటికి వస్తాడు. ఆలస్యమైతే ప్రాణం తీసేది కండరం కాదు, ఒంట్లో నీరూ లవణాలూ తగ్గిపోవడం. ఇదే వయసులో కక్కిన పాలలో పచ్చని పసరు కనిపిస్తే అది ఇంకా అత్యవసరం. పేగు మెలిపడి ఉండవచ్చు. తెల్లారేదాకా ఆగకూడదు.

నాలుగో తలుపు: పక్క వాకిలి

ఇది అన్నం దారిలో లేదు. కాలేయం నుంచి పైత్యరసం, క్లోమం నుంచి జీర్ణరసం ఆంత్రమూలంలోకి వచ్చే చోట ఉంటుంది. 1887లో రుగ్గెరో ఒడ్డి అనే ఇటలీ వైద్య విద్యార్థి దీన్ని వివరంగా వర్ణించాడు. అందుకే ఒడ్డి సంవరణి అంటారు. ఆకలిగా ఉన్నప్పుడు ఇది బిగిసి ఉంటే పైత్యరసం పిత్తాశయంలో నిలవ ఉంటుంది. నూనె కలిసిన అన్నం ఆంత్రమూలానికి చేరగానే ఒక హార్మోను విడుదలై పిత్తాశయాన్ని పిండి, ఈ తలుపును తెరుస్తుంది. రాయి ఇక్కడ ఇరుక్కుంటే కామెర్లు, చలిజ్వరం, విపరీతమైన నొప్పి వస్తాయి. మన దేశంలో ఏలికపాములు కూడా ఈ సందులోకి దూరిన సందర్భాలున్నాయి. 1974 నుంచి ఎండోస్కోపు ద్వారానే ఈ తలుపును కాస్త కోసి రాళ్లు తీయడం సాధ్యమైంది. కామెర్లనగానే పసరు మందుకు పరిగెత్తే అలవాటు మనలో ఉంది. కామెర్లతో పాటు జ్వరం, నొప్పి ఉంటే అది అడ్డుపడిన తలుపు కావచ్చు. పసరు దాన్ని తెరవలేదు.

అయిదో తలుపు: చిన్నప్రేవు, పెద్దప్రేవు మధ్య

కుడి పక్క పొత్తికడుపులో, అపెండిక్స్ దగ్గర ఉంటుంది. రోజుకు సుమారు లీటరున్నర ద్రవాన్ని కొంచెం కొంచెంగా పెద్దప్రేవుకు పంపుతుంది. పెద్దప్రేవులో కోటానుకోట్ల సూక్ష్మజీవులు ఉంటాయి. అవి వెనక్కి రాకుండా చూసేదీ ఇదే. మన ప్రాంతంలో పేగు టీబీ ఎక్కువగా పట్టేది ఈ చోటనే. చాలాకాలం సాయంత్రపు జ్వరం, కుడి పక్క నొప్పి, బరువు తగ్గడం ఉంటే పరీక్ష చేయించుకోవాలి.

ఆరో తలుపు: చివరిది, ఎవరూ మాట్లాడనిది

ఇక్కడ ఒకటి కాదు, రెండు ఉంగరాలు. లోపలిది మన ఆధీనంలో లేదు, ఎప్పుడూ బిగిసి ఉంటుంది. బయటిది మన మాట వింటుంది. పురీషనాళం నిండగానే లోపలి ఉంగరం కాస్త సడలుతుంది. వచ్చింది గాలా, నీళ్లా, గట్టిదా అని అక్కడి సున్నితమైన చర్మం పోల్చుకుంటుంది. సమయం కాకపోతే బయటి ఉంగరాన్ని బిగించి ఆపుకుంటాం. వుజూ నిలుపుకోగలుగుతున్నామంటే, నిండు సభలో గౌరవంగా కూర్చోగలుగుతున్నామంటే ఈ చిన్న ఏర్పాటు చలవే. పిల్లలకు రెండు మూడేళ్లకు గానీ ఇది పట్టుబడదు. పక్క తడిపినందుకు, బట్టలు పాడుచేసుకున్నందుకు పిల్లలను కొట్టకండి.

పురీషనాళాన్ని వెనక నుంచి వడిసెలలా చుట్టి ముందుకు లాగి పట్టుకునే మరో కండరం ఉంది. దాంతో దారి వంపు తిరిగి ఉంటుంది. గొంతుకూర్చున్నప్పుడు ఆ వంపు చక్కబడుతుంది. పాశ్చాత్య తరహా కుర్చీ వాడేవారు మలబద్ధకం ఉంటే పాదాల కింద చిన్న పీట వేసుకోవచ్చు.

మగ్గం గుంటలో పొద్దస్తమానం కూర్చునేవారికి, లారీ డ్రైవర్లకు, మరుగుదొడ్డికి పోవడానికి వీల్లేక ఆపుకునే మహిళలకు మలబద్ధకం, దాని వెంట చీలిక సాధారణం. చీలిక నొప్పికి లోపలి ఉంగరం గట్టిగా బిగుసుకుంటుంది. బిగుసుకుంటే రక్తం అందక పుండు మానదు. గోరువెచ్చని నీటిలో కూర్చోవడం, నీళ్లు, ఆకుకూరలు, రాగులు, డాక్టరు రాసిన పూతమందుతో చాలావరకు మానుతుంది. ప్రతిదీ మొలలు కాదు. గోడలమీద ప్రకటనలు చూసి అర్హత లేనివారి చేత సూదులు, కోతలు చేయించుకుంటే ఆ ఉంగరం తెగిపోతుంది. నొప్పి పోతుంది, పట్టు కూడా పోతుంది. రక్తం పడితే, ముఖ్యంగా నలభై దాటినవారు, క్యాన్సరు లేదని తేల్చుకోవాలి.

పెనుకొండ సోదరిది కాన్పులో చిరిగిన కండరం. బిడ్డ పెద్దదైనా, పరికరాలు పెట్టి లాగినా ఇది జరగవచ్చు. కాన్పు బల్లమీదనే గమనించి కుట్టితే ఎక్కువమంది కోలుకుంటారు. ఆమె విషయంలో ఎవరూ చూడలేదు, ఆమె చెప్పలేదు. పదకొండేళ్లు నమాజు సమయం వచ్చినప్పుడల్లా కుమిలిపోయింది. ఇలాంటి ఇబ్బంది ఉన్నవారికి ధర్మంలో వెసులుబాటు ఉందని, ఎలా ఆచరించాలో ఆలిములను అడిగి తెలుసుకోవచ్చని కూడా ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు ఆపరేషను, కండర వ్యాయామాలతో ఆమెకు చాలావరకు మెరుగైంది, పూర్తిగా కాదు. తొలినాడే కుట్టి ఉంటే ఫలితం వేరుగా ఉండేదని సర్జన్ మాతో చెప్పారు.

మలద్వారం లేకుండా పుట్టే పిల్లలు సుమారు 5,000 మందిలో ఒకరు. పుట్టగానే చూడకపోతే కడుపు ఉబ్బి ప్రమాదమవుతుంది. 1980ల మొదట్లో ఆల్బెర్టో పెన్యా అనే సర్జన్ రూపొందించిన పద్ధతిలో, సన్నని విద్యుత్ స్పందనతో ఆ ఉంగర కండరం ఎక్కడుందో వెతికి, దాని నడుమ కొత్త దారి అమరుస్తారు. పుట్టి 48 గంటలైనా నల్లటి తొలి మలం పోని బిడ్డకు పేగులో నరాలు లేని జబ్బు ఉండవచ్చు. అదీ సుమారు 5,000 మందిలో ఒకరికి వస్తుంది. ఈ రెంటిలోనూ చాలాసార్లు కొన్ని నెలలపాటు పొట్టమీద సంచి అవసరమవుతుంది. బిడ్డకు జబ్బు నయమయ్యేది ఆపరేషన్‌తోనే, కానీ ఆ నెలలన్నీ బిడ్డను సాకేది తల్లి చేతిలోని సంచులే.

మేము నేర్చుకున్నది, మీ నుంచి కోరేది

ఈ మూడు దరఖాస్తుల్లో ఆలస్యానికి మా వాటా కూడా ఉంది. ఆపరేషను అంచనా పత్రం జతచేస్తేనే సాయం అని మా నిబంధన. ధర్మవరం సోదరుడి దగ్గర ఆ పత్రం లేదు. జబ్బేమిటో తేల్చే పరీక్షకే ఆయన దగ్గర డబ్బు లేదు. ఆయన దరఖాస్తు మా బల్లమీద నాలుగు నెలలు ఉంది. ఆ నాలుగు నెలల్లో ఆయన తిన్నదేమిటో తలచుకుంటే మాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

అందుకే నిబంధన మార్చాం. ఇకమీదట తొలి పరీక్షకు, ప్రయాణానికి, తోడు వచ్చేవారి భోజనానికి, పిల్లల సంచులకు సాయం ముందుగా ఇస్తాం. ఆపరేషన్లకు ప్రభుత్వ వైద్యసేవా పథకం ఉంది. కార్డు ఉన్నవారిని ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర దగ్గరకు మా వాళ్లే తీసుకుపోతారు. పథకం దాకా చేరేలోపు పేదవాడు ఆగిపోయే చోటు ఏదో ఇప్పుడు మాకు తెలిసింది. మీ జకాత్, సదఖాలలో కొంత భాగం అక్కడికి చేరాలని మా విన్నపం. సోదరీమణులు తమ బాధ చెప్పుకోవడానికి ఒక మహిళా కార్యకర్తను కూడా ఏర్పాటు చేసుకోవాలనుకుంటున్నాం. కాన్పు చేసిన అనుభవమున్న నర్సులు ముందుకు వస్తే సంతోషిస్తాం.

డబ్బు ఇవ్వలేనివారు మాట సాయం చేయవచ్చు. మింగుడు పడనివారిని, చిమ్మినట్టు కక్కే పసికందును, మల విసర్జన మీద పట్టు తప్పిందని తలవంచుకునే తల్లిని చూస్తే ఇది తలరాత కాదు, ఒక కండరం జబ్బు అని చెప్పండి. ఆసుపత్రి దారి చూపండి.

హిందూపురం బిడ్డ ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తున్నాడు. ధర్మవరం సోదరుడు మళ్లీ మగ్గం ఎక్కాడు. మొన్న కలిసినప్పుడు, సంగటి తిన్నానని చెప్పాడు, అది ఏదో గొప్ప విందు అయినట్టు. అది గొప్ప విందే. మన కోసం లోపల ఆరు తలుపులు తెరిచి మూసే ఏర్పాటు చేసిన అల్లాహ్‌కు కృతజ్ఞతలు చెప్పుకుందాం. ఆ తలుపులు చెడినవారికి తోడుగా నిలిచే భాగ్యాన్ని మనందరికీ ప్రసాదించమని వేడుకుందాం. ఆమీన్.